పసిపిల్లల బడి: తల్లిదండ్రుల యెంపిక

ఉదయము ఎనిమిది గంటల వేళ మన గ్రామములలో పెక్కు చోట్ల ఒకే దృశ్యము కానవచ్చుచున్నది. మూడు నాలుగేండ్ల పిల్లలు కొందరు టై కట్టుకొని, పట్టణము నుండి వచ్చు పసుపుపచ్చ బస్సు నెక్కుచుందురు. అదే యీడు పిల్లలు మరికొందరు కొంతసేపటికి అవ్వ చేయి పట్టుకొని అంగన్‌వాడి కేంద్రమునకు నడచుచుందురు. ఏ బిడ్డ యే దారిని పోవునో తల్లిదండ్రుల యిష్టమే నిర్ణయించునని తలంచుట పొరపాటు.

మిరప కోతకు పోవు కూలి తల్లి, కేంద్రము తెరచు వేళకు చేనిలో నుండును. ఇంట ముసలివా రున్నచో బిడ్డ కేంద్రమునకు చేరును. లేనిచో తల్లి వెంట చేనికే పోవును. బిడ్డ కడుపు నిండవలెను, తాను తిరిగి వచ్చువరకు భద్రముగా నుండవలెను. ఆమె బడిని కోరునది ముందుగా నిందుకే. 3 నుండి 6 ఏండ్ల బిడ్డకు ఉదయపు ఉపాహారమును, వేడి భోజనమును 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము హక్కుగా నొసగినది. నెలజీతము గల యింటివారికి ఈ భోజనము లెక్కలోనికి రాదు. వారు చూచునది ఇంగ్లీషు చదువును, బస్సు సౌకర్యమును.

ఈ యిరువురి నడుమ నున్నవారి స్థితి మరింత చిక్కైనది. ఆటో నడుపువారు, చిల్లర దుకాణదారులు, కౌలురైతులు అప్పు చేసియైనను ఎల్.కె.జి. ఫీజు చెల్లించుచున్నారు. దీనిని ఆడంబరమని మనము కొట్టివేయరాదు. ఇంగ్లీషు రాక తాము పడిన చిన్నతనము బిడ్డకు రాకూడదని వారి తపన. అయితే ఒక్క బిడ్డకే ఫీజు కట్టగలిగినపు డా బిడ్డ యెవరు? 2019లో 24 రాష్ట్రములలోని 26 జిల్లాలలో జరిగిన ‘అసర్’ పరిశీలనలో, 4, 5 ఏండ్ల బాలికలలో నూటికి సుమారు 57 మందియు, బాలురలో సుమారు 50 మందియు ప్రభుత్వ సంస్థలలో నున్నట్లు తేలినది. మిగిలిన మాట చెప్పనక్కరలేదు.

చదువుకొనని తల్లిదండ్రులు పలక నిండ అక్షరములు వ్రాయించు బడియే మంచిదని నమ్ముట సహజము. ఈ వయస్సున ఆట, పాట, కథయే చదువని 2020 జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. కాని యింటింటికి వెళ్లి యా మాట చెప్పినవా రెందరు? కేంద్రము ఏ పేటలో నున్నదనునదియు ఎంపికను శాసించును. ఇది మనము బయటకు చెప్పుటకు సంకోచించు విషయము.

కలిగినవారి పిల్లలు కేంద్రమును విడిచినపుడు, కారుచున్న కప్పును గూర్చి గట్టిగా అడుగు గొంతులును వెడలిపోవును. పంచాయతీ సభ్యుల మనుమలు ఎచ్చట చదువుచున్నారో ఎవరికి వారు తలచుకొనవచ్చును.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన 11వ షెడ్యూలులో స్త్రీ శిశు అభివృద్ధియు ఒక అంశము. కేంద్రపు వేళలు మార్చుట శాఖవారి చేతిలోనిదే యైనను, తీర్మానము చేసి పంపుట పంచాయతీకి సాధ్యము. “బిడ్డను ఏల పంపుట లేదు?” అని గాక, “ఏ వేళకు తెరచిన మీకు అనుకూలము?” అని గ్రామసభలో తల్లుల నడుగవలెను. ఆ సభను కోతల రోజులలో పగటిపూట పెట్టినచో, అడుగవలసిన తల్లులలో ఒక్కరును రాజాలరు.