కాలవగట్టు మీద ఒక పూట

నడకకు మంచి దారేదని నన్నడిగితే గోదావరి డెల్టాలో కాలవగట్టు అంటాను. ధవళేశ్వరం నుంచి కడియం వైపు నర్సరీల పక్కగా ఒక ఉదయం నడిచి చూడండి. ఎత్తుపల్లాలు లేవు, దారి తప్పే భయమూ లేదు.

గట్టు అంత చదునుగా ఎందుకుంటుంది? కాలవనీటిని నడిపించేది భూమ్యాకర్షణే. వాలు ఎక్కువైతే నీరు గట్లను కోసేస్తుంది, తక్కువైతే ఒండ్రు పేరుకుంటుంది. అందుకే కంటికి ఆనని వాలుతో తవ్వారు. నేల దిగిన చోట్ల లాకులు కట్టారు. రెండు తలుపుల మధ్య పడవను నిలిపి, నీటిమట్టం పెంచో తగ్గించో అవతలికి పంపేవారు.

అవును, ఇవి పడవదారులు కూడా. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలవలను కాటన్ దొర సేద్యానికీ రవాణాకీ కలిపే తలపెట్టాడు. గాలి లేనప్పుడు మనుషులే తాడు భుజాన వేసుకుని గట్టు వెంట పడవ లాగేవారు. మనం షికారు చేసే దారి వాళ్ల పాదాల కింద నలిగిందే.

మా ఇంట్లో మాత్రం గట్టంటే షికారు కాదు. మాది శివారు పొలం. ఎగువన ఎవరైనా గట్టుకు గండి కొడితే, తూముకు చెత్త అడ్డుపడితే, మా దాకా నీరు రాదు. దాళ్వా రోజుల్లో నాన్న రాత్రుళ్లు టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరుగుతాడు. వెనకాల నేనూ నడిచాను.

మిత్రులారా, గట్టు మీద హాయిగా నడవండి. చేతిలో ప్లాస్టిక్ కవరుంటే మాత్రం కాలవలో వెయ్యకండి. అది ఏ శివారు రైతు తూముకో అడ్డం పడుతుంది.