టీకా వార్డు దాకా రావాలి

ఆస్పత్రిలో పనిచేసేవాళ్లు ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలని చెప్పే పోస్టర్లకు ఎక్కడా కొదవ లేదు. వేయించుకునేవాళ్లకే కొదవ. రోజూ పదిమందికి సూదులు పొడిచేవాళ్లు తమ వంతు వచ్చేసరికి ఎందుకు వెనకాడతారని అడిగితే, అవగాహన లేక అని కొందరంటారు, బాధ్యత లేక అని ఇంకొందరంటారు. రెండూ తొందరపాటు తీర్పులే. ఏడాది పొడవునా దగ్గులూ తుమ్ముల మధ్య తిరిగే నర్సుకు ఫ్లూ అంటే ఏమిటో పోస్టరు నేర్పనక్కర్లేదు. సిబ్బందిలో టీకా పెరిగిన చోట్లనూ పెరగని చోట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే వేరే సంగతి తేలుతుంది. టీకా వాళ్లకు ఎంత దగ్గరగా వచ్చింది, దాని గురించి వాళ్లతో ఎంత నిజం చెప్పారు అన్న రెండింటి మీదే ఫలితం చాలావరకు ఆధారపడుతోంది.

ముందుగా, సిబ్బంది సంగతి ప్రత్యేకంగా ఎందుకు పట్టించుకోవాలో చూద్దాం. ఫ్లూ వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడడానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది. జ్వరం తెలియడానికి ఒక రోజు ముందు నుంచే అది ఇతరులకు అంటుకోగలదు. 1993-94 చలికాలంలో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 518 మంది ఆస్పత్రి సిబ్బంది రక్తాన్ని సీజనుకు ముందూ తర్వాతా పరీక్షించారు. ఆ ఏడాది అక్కడ ఫ్లూ ఉధృతి తక్కువే. అయినా 23 శాతం మందికి అది సోకిన ఆనవాళ్లు రక్తంలో దొరికాయి. అలా సోకినవాళ్లలో సగానికి పైగా మందికి తమకు ఫ్లూ వచ్చిన సంగతే తెలియదు. నాలుగో వంతు కంటే ఎక్కువమందికి జలుబు చేసినట్టు కూడా గుర్తు లేదు. కాబట్టి ‘ఒంట్లో బాగోకపోతే సెలవు పెడతాం కదా’ అన్న భరోసా సగం దూరమే వస్తుంది. బాగోలేదని తెలిసినప్పుడైనా సెలవు పెడతారా అంటే అదీ అనుమానమే. అమెరికాలోని ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రిలో డాక్టర్లను, ఇతర వైద్య సిబ్బందిని అడిగి 2015లో ప్రచురించిన సర్వేలో, ఒంట్లో బాగోలేకుండా డ్యూటీకి రావడం రోగులకు ప్రమాదమని 95 శాతం మంది ఒప్పుకున్నారు. గడిచిన ఏడాదిలో ఒక్కసారైనా అలా వచ్చామని 83 శాతం మంది చెప్పారు. తమ పని తోటివాళ్ల నెత్తిన పడుతుందన్న మొహమాటం, బదులు మనిషి దొరకరన్న భయం వాళ్లు చెప్పిన ముఖ్య కారణాలు. అవతల మంచం మీద ఉన్నది కీమోథెరపీ తీసుకుంటున్న మనిషి కావచ్చు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కావచ్చు.

మరి టీకా ఎంతవరకు ఆదుకుంటుంది? ఇక్కడే ప్రచారకులు తరచూ జారిపడతారు. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1990ల మొదట్లో ఆస్పత్రి సిబ్బంది మీదే మూడు సీజన్ల పాటు జరిపిన పరీక్షలో టీకా ‘ఎ’ రకం ఫ్లూను 88 శాతం, ‘బి’ రకాన్ని 89 శాతం అడ్డుకుంది. పాల్గొన్నవాళ్లు మంచి ఆరోగ్యంతో ఉన్న పెద్దవాళ్లు. టీకాలోని వైరస్, బయట తిరుగుతున్న వైరస్ బాగా కుదిరిన ఏళ్లవి. మామూలుగా అవి కుదిరిన ఏడాదిలో కూడా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినంత ఫ్లూ వచ్చే ముప్పు 40 నుంచి 60 శాతం దాకానే తగ్గుతుంది. కుదరని ఏడాది ఆ మాత్రం కూడా ఉండదు. సిబ్బంది టీకా వల్ల రోగులకు ఒరిగేది ఎంత అన్నది ఇంకా చిక్కు ప్రశ్న. వృద్ధులు నెలల తరబడి ఉండే 20 స్కాట్లండ్ ఆస్పత్రులను పోల్చి 2000లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, సిబ్బందికి టీకా అందించిన చోట్ల 13.6 శాతం రోగులు చనిపోగా, అందించని చోట్ల 22.4 శాతం చనిపోయారు. ఈ అంకెలు ఏళ్ల తరబడి ప్రచారానికి ఊతమయ్యాయి. అయితే టీకా అందించిన ఆస్పత్రుల్లో కూడా వేయించుకున్నది సిబ్బందిలో సగం మందే. అంతమాత్రానికే మరణాలు అంతగా ఎలా తగ్గుతాయని 2017లో కెనడా పరిశోధకులు నిలదీశారు. దీర్ఘకాల సంరక్షణ కేంద్రాల మీద వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టిన కొక్రేన్ పరిశోధక బృందం సమీక్షకు కూడా రోగుల విషయంలో గట్టి ఆధారం దొరకలేదు. దీన్ని టీకాకు వ్యతిరేక సాక్ష్యంగా చూడనక్కర్లేదు. మీరు వేయించుకోకపోతే రోగులు చనిపోతారంటూ నర్సును బోనులో నిలబెట్టే ప్రచారం మాత్రం ఈ ఆధారాల మీద నిలవదు. ‘టీకా కుదిరిన ఏడాది మీకు ఫ్లూ వచ్చే అవకాశం దాదాపు సగానికి తగ్గుతుంది, మీ నుంచి వార్డులోవాళ్లకూ ఇంట్లోవాళ్లకూ అంటుకునే అవకాశం కూడా దాంతోపాటు తగ్గాలి’ అన్న మాట నిలుస్తుంది. చిన్న మాటే, కానీ నిజం. చదువుకున్న సిబ్బంది పెద్ద మాటలోని లోపాన్ని తేలిగ్గానే పట్టేస్తారు, ఆ తర్వాత చిన్న మాటనూ నమ్మరు.

ఇక దగ్గరితనం సంగతి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2014-15 సీజనులో వైద్య సిబ్బందిని అడిగినప్పుడు, యాజమాన్యం టీకాను తప్పనిసరి చేసిన చోట 96 శాతం మంది వేయించుకున్నారని తేలింది. తప్పనిసరి చేయకుండా, పనిచేసే చోటే ఉచితంగా, ఒక రోజుతో సరిపెట్టకుండా కొన్ని రోజులు అందుబాటులో ఉంచిన చోట అది 84 శాతం. నిబంధనా ప్రోత్సాహమూ ఏదీ లేని చోట 44. ఇవి వేర్వేరు సంస్థల అంకెలు కనుక తేడా అంతటినీ ఒక్క కారణానికే కట్టబెట్టలేం. అయినా 44కూ 84కూ మధ్య ఉన్న దూరంలో ఎక్కడా బలవంతం లేదన్నది గమనించాలి. మూడు షిఫ్టులు నడిచే ఆస్పత్రిలో ఉదయం రెండు మూడు గంటలు ఓపీ బ్లాకులో టీకా వేస్తామంటే, నైట్ డ్యూటీ సిస్టరుకు అది వేయనట్టే లెక్క. ఆవిడ నిద్ర మానుకుని క్యూలో నిలబడాలని ఆశించడం కంటే, డ్యూటీ మారే వేళకు వ్యాక్సిన్ క్యారియర్ పట్టుకుని ఒకరు వార్డుకే రావడం సులువు.

అలాంటప్పుడు ఇంత తతంగమెందుకు, ఒక ఆర్డరు వేస్తే సరిపోదా అనేవాళ్లున్నారు. అమెరికాలో సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆస్పత్రి 2005లో ఆ పనే చేసింది. అంతకుముందు సగం దగ్గర ఆగిన లెక్క మొదటి ఏడాదే 97 శాతం దాటింది. సెయింట్ లూయిస్‌లోని బీజేసీ ఆస్పత్రుల సంస్థ 2008లో సుమారు 26,000 మంది ఉద్యోగులకు తప్పనిసరి చేస్తే 98 శాతానికి పైగా వేయించుకున్నారు, ఎనిమిది మంది ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆర్డరు పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ ఆధారాన్ని మించిన ఆర్డరు ఎంతకాలం నిలుస్తుందో కెనడా చూపించింది. టీకా వేయించుకోనివాళ్లు సీజనంతా మాస్కు పెట్టుకోవాలన్న ఆస్పత్రుల నిబంధనను అక్కడి ఆంటారియో రాష్ట్ర నర్సుల సంఘం సవాలు చేస్తే, 2015లోనూ 2018లోనూ మధ్యవర్తులు ఆధారాలు చాలవంటూ కొట్టేశారు. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2019లో అలాంటి నిబంధనను తనంతట తానే వదులుకుంది. ఇంగ్లండ్‌లో 2020-21లో 76 శాతం దాటిన సిబ్బంది టీకా 2023-24 నాటికి 43 శాతం దగ్గరికి పడిపోయింది. కొవిడ్ కాలపు అలసట, తప్పనిసరి టీకాల మీద రేగిన గొడవ మిగిల్చిన విసుగు ఇందుకు కారణాలని నాకనిపిస్తుంది. విసిగిన మనిషి మీద ఇంకో ఆర్డరు రుద్దితే ఒరిగేది తక్కువ.

ఆర్డరుకు బదులు సిబ్బంది మాట వినాలి. టీకా వల్లే జ్వరం వచ్చిందన్న ఫిర్యాదును నవ్వి కొట్టేయకూడదు. సూదితో ఇచ్చే టీకాలో సజీవ వైరస్ ఉండదు కనుక దాని వల్ల ఫ్లూ రాదు. కానీ చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజుల ఒళ్లునొప్పులు, కాస్త వెచ్చదనం నిజంగానే రావచ్చు. ఆ సంగతి ముందే చెప్పి, మర్నాడు డ్యూటీ సర్దుబాటు చేసే సూపర్‌వైజరు మాటను సిబ్బంది నమ్ముతారు. నరాలను దెబ్బతీసే గిలియన్-బారే జబ్బు భయమూ ఉంది. పది లక్షల డోసులకు ఒకటి రెండు అదనపు కేసులు రావచ్చని అంచనా. అసలు ఫ్లూ సోకినా ఆ జబ్బు రావచ్చు. ఏటా ఎందుకు వేయించుకోవాలంటే, వైరస్ రూపు మారుతుంది, రక్షణ కూడా నెలలు గడిచేకొద్దీ పలచబడుతుంది.

మన దగ్గర ఈ చర్చ ఇంకా సరిగ్గా మొదలే కాలేదు. 2009 మేలో దేశంలోనే తొలి స్వైన్ ఫ్లూ కేసు నిర్ధారణ అయింది హైదరాబాదులో. 2015లో దేశమంతటా 42 వేలకు పైగా కేసులు, మూడు వేలకు దగ్గరగా మరణాలు నమోదయ్యాయి. స్వైన్ ఫ్లూ టీకాను 2010లో హైదరాబాదులోనే భారత్ బయోటెక్ తయారుచేసింది. అయినా సాధారణ ఫ్లూ టీకా జాతీయ టీకాల కార్యక్రమంలో లేదు. వైద్య సిబ్బంది వేయించుకోవాలని కేంద్రం సూచించినా, బయట కొనుక్కోవాలంటే వెయ్యి రూపాయలకు పైనే. వార్డులో ఊడ్చి తుడిచే ఆయాకు, స్ట్రెచర్ తోసే వార్డు బాయ్‌కి అది మోయలేని ఖర్చు. ఏజెన్సీ తరఫున పనిచేసేవాళ్లకు ఒక రోజు మానేస్తే ఆ రోజు డబ్బు కోత. జ్వరంతోనైనా పనికి రాక తప్పని పరిస్థితి అందరికంటే వాళ్లదే, రోగికి అత్యంత దగ్గరగా గంటల తరబడి ఉండేదీ వాళ్లే. వాళ్లను ముందు నిలబెట్టడం మనకు చేతకాని పనేం కాదు. 2021 జనవరి 16న కొవిడ్ టీకా మొదలైనప్పుడు హైదరాబాదు గాంధీ ఆస్పత్రిలోనూ, విజయవాడ ప్రభుత్వాస్పత్రిలోనూ తొలి డోసు వేసింది పారిశుద్ధ్య కార్మికులకే.

ఫ్లూ టీకాకు మన వాతావరణం పెట్టే మెలిక ఒకటుంది. అమెరికా, ఐరోపా ఆస్పత్రులు చలికాలం ముందు, సెప్టెంబరు, అక్టోబరుల్లో టీకా వేస్తాయి. మనకు చలికాలపు ఫ్లూ ఉన్నా, దక్షిణాదిలో వానాకాలంలోనే అది ఎక్కువగా విజృంభిస్తుంది. వాళ్ల క్యాలెండర్‌ను నకలు కొట్టి అక్టోబరులో శిబిరం పెడితే అసలు ముప్పు అప్పటికే దాటిపోయి ఉంటుంది. కనుక మన ఆస్పత్రులు సిబ్బంది జాబితాలు ఏప్రిల్‌లోనే సిద్ధం చేసుకోవాలి, రెగ్యులర్ ఉద్యోగులతోపాటు ఏజెన్సీ రిజిస్టర్లలోని పేర్లన్నీ అందులో ఎక్కించాలి, సాధించిన శాతాన్ని ఆ మొత్తం మీదే లెక్కగట్టాలి. టీకా వేశాక రక్షణ ఏర్పడడానికి రెండు వారాలు పడుతుంది. మే నెలాఖరుకు వార్డులన్నీ తిరగడం పూర్తయితే, జూన్ వానలు ఊపందుకునే లోపు ఆ రెండు వారాలూ చేతిలో ఉంటాయి.