ఆసుపత్రి గడప దాటిన పిమ్మట

కాకినాడ సర్వజన ఆసుపత్రినుండి ఇంటికి మరలు రోగి చేతికి కడపట ఒక కాగితము వచ్చును. రోగము పేరును, జరిపిన పరీక్షలును, వాడవలసిన మందులును ఆంగ్లమున నుండు ఆ డిశ్చార్జి కాగితమునందు, బిళ్ళ పేరునకెదుట 1-0-1 అని మూడంకెలుండును. ఉదయమొకటి, మధ్యాహ్నము మాని, రాత్రియొకటి యని దాని యర్థము. దానిని మడిచి సంచిలో పెట్టుకొని, బస్సెక్కి, రేవు దాటి, లంకలోని తన యింటికి చేరిన కూలివాడు, వారము గడచునప్పటికి "ఒళ్ళు తేలిగ్గానే ఉందిగదా, ఇంకెందుకులే" యని బి.పి. బిళ్ళలు మానివేసినచో, ఆ సంగతి ఆసుపత్రిలో నెవ్వరికిని తెలియదు. మూతి వంకరపోయి, కుడిచేయి పడిపోయి, 108లో అతడు మరల వచ్చిననాడే తెలియును.

ఈ యెడమును పూడ్చుటకై అమెరికా మొదలగు దేశములందు కేస్ మేనేజర్ నర్సు అను ఉద్యోగమేర్పడినది. దాని బీజము పాతదే: 1893లో లిలియన్ వాల్డ్ అను నర్సు న్యూయార్కు పేదవాడలలో కాపురముండి, రోగులతోపాటు వారి కూడు, కొలువు, పిల్లల చదువు కూడ విచారించెను. ఆసుపత్రులలో నిది స్థిరపడుటకు కారణము వేఱు. 1983లో అచ్చటి వృద్ధుల ప్రభుత్వ బీమా, అయిన ఖర్చు లెక్క విడిచి, రోగమునుబట్టి నిర్ణీతమగు మొత్తమును చెల్లించు పద్ధతికి మారగా, ఆసుపత్రులు రోగులను త్వరగా పంపివేయసాగినవి. పూర్తిగా తేరుకొనకయే వెడలువారి మంచిచెడ్డలు చూచుటకు నర్సులు కావలసివచ్చిరి. అందుచేత నీ యుద్యోగమునకు ఖర్చొకవంక, రోగి యొకవంక ఇద్దరు యజమానులైరి. మనము కైకొనవలసినది రెండవవారి సేవను మాత్రమే.

ఆ సేవ యెట్టిదనగా, రోగి చేరిననాడే అతని యింటి సంగతి తెలిసికొనుట. ఫ్రిజ్ లేని లంకయింట ఇన్సులిన్ సీసా యెక్కడ దాతురు? తడియిసుకలో నిలిపిన మట్టికుండలో, నీడపట్టున నుంచవచ్చునని చెప్పవలెను. ఉప్పు తగ్గింపుమనిన చాలదు. ఆవకాయ, ఎండుచేప పేరెత్తి చెప్పవలెను. షుగరుచే అరికాలి స్పర్శ పోయిన రైతునకు ఊడ్పులనాడు నత్తగుల్ల గ్రుచ్చుకొన్నను తెలియదు గనుక, రాత్రిపూట కోడలిచేత కాలు చూపించుకొమ్మనవలెను. కాగితము చదివి వినిపించుటకంటె, "రాత్రి వేసుకునే బిళ్ళ ఏదండి తాతగారూ, తీసి చూపించండి" యని యడిగి, "ఆయ్, ఈ ఎర్రదండి" యని ఆయన సరిగా తీయువఱకు కూర్చుండుట ముఖ్యము. వార్డులో వందమందిని చూడవలసిన వైద్యునికి ఇంత తీరిక యెక్కడిది?

మనకు మనుషులు లేరనుట తగదు. 2007లో ఆరంభమై, నేడు ఎన్టీఆర్ వైద్యసేవ యనబడు పథకమునకు ఆరోగ్యమిత్రలున్నారు. ఊర ఆశా కార్యకర్తయు, ఏఎన్ఎమ్మును ఉన్నారు. గ్రామ క్లినిక్కులలో నర్సింగు పట్టభద్రులున్నారు. వీరి సేవను నేను తక్కువ చేయను. అయితే కార్డును, అనుమతిని చూచువారొకరు, సూదివేయువారొకరు, బి.పి. కొలుచువారొకరు, రోగిని ఆమూలాగ్రముగ ఎఱిగినవారు మాత్రము లేరు. ధవళేశ్వరము ఆనకట్ట నిండినంతమాత్రమున శివారు చేలకు నీరందదు. కాలువ వెంట తిరిగి తూములు చూచు లస్కరుండవలెను. వైద్యమునకును అట్టి మనిషి కావలెను.

ఈ పనిని ఇప్పటికే బరువు మోయుచున్న వార్డు నర్సుల తలపై వేయుట అన్యాయము. పక్షవాతము, గుండెజబ్బు, షుగరు పుండ్లు గల వార్డులకైనను కాకినాడలోను, రాజమహేంద్రవరములోను వేఱుగా నర్సులను నియమించి, వారికొక ఫోనును, గ్రామ క్లినిక్కు నర్సుల నంబర్ల పట్టికయు నిచ్చి, రోగి యిల్లు చేరిన మూడవనాడు తప్పక పలుకరించు బాధ్యత నొప్పగించినచో ఆరంభమునకు చాలును.