మా వాడు అడిగిన తాబేలు

పదకొండో పుట్టినరోజుకి ఏం కావాలిరా అని అడిగితే మా అబ్బాయి తడుముకోకుండా "నక్షత్ర తాబేలు" అన్నాడు. తప్పు నాదే. కిందటేడు ఇండియా వెళ్ళినప్పుడు వాణ్ణి శ్రీకాకుళం దగ్గరి శ్రీకూర్మం తీసుకెళ్ళాను. కూర్మనాథస్వామి గుడి ఆవరణలో ఈ తాబేళ్ళను సంరక్షిస్తారు. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు చుక్కల్లా విచ్చుకుని ఉంటే, వాడు అక్కణ్ణించి కదిలితే ఒట్టు!

సరే, అమెరికాలో దొరకనిదేముంది అని ఒక ఆదివారం ఇద్దరం దగ్గర్లోని రెప్టైల్ షోకి వెళ్ళాం. మిఠాయి కొట్లో స్వీట్ల డబ్బాల్లా వరసగా ప్లాస్టిక్ డబ్బాలు. వాటిలో పాములు, బల్లులు, తొండలు. ఒక బల్ల మీద చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు బాల్ పైథాన్లు కనిపించాయి. ఒకదాని ధర రెండోదానిలో సగం. ఎందుకని అడిగాను. "చవకది ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చింది, ఇంకోటి మా ఇంట్లో పుట్టింది" అన్నాడాయన.

ఘానా, టోగో, బెనిన్ దేశాల నుంచి ఈ పాములు ఏళ్ళ తరబడి ఎగుమతి అవుతున్నాయి. అడవిలో పట్టినవి చాలాసార్లు పిడుదులతో, కడుపులో పురుగులతో వస్తాయి. బెదురుతో నెలల తరబడి తిండి ముట్టనివీ ఉంటాయి. ఇంట్లో పుట్టినదానికి మనుషులూ, డబ్బా కొత్త కాదు.

ఇంతలో మా వాడికి తాబేలు కనిపించనే కనిపించింది. "ఇక్కడే పుట్టింది" అన్నాడు అమ్మే అతను. కాగితాలేవైనా ఉన్నాయా అంటే మాట మార్చాడు. అప్పుడు మా వాడు నన్నడిగాడు: "నాన్నా, ఇది ఇక్కడే పుడితే, దీని అమ్మమ్మకి వీసా ఎవరిచ్చారు?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి చదివితే మనసు చివుక్కుమంది. ఈ తాబేళ్ళు మన రాయలసీమ ముళ్ళపొదల్లో తిరిగేవి. ఒక్క స్థావరం నుంచే ఏడాదికి కనీసం 55 వేల తాబేళ్ళను దొంగతనంగా పట్టుకుపోతున్నారని 2015లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. సూట్‌కేసుల్లో కుక్కి విమానాలెక్కిస్తారు. 2019లో జెనీవాలో జరిగిన సైటీస్ సమావేశం అడవిలో పట్టిన నక్షత్ర తాబేళ్ళ అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించింది. ఇండియాలో వీటిని ఇంట్లో పెంచుకోవడం కూడా నేరమే.

ఆ తాబేలు కొనలేదు. వాడు రెండు రోజులు అలిగాడు. చివరికి ఎవరో వదిలేసిన ఒక బియర్డెడ్ డ్రాగన్‌ని జంతు సంరక్షణ కేంద్రం నుంచి తెచ్చుకున్నాం. "మరి దీని అమ్మమ్మో?" అన్నాడు, వదలకుండా. నిజమే! దీని పూర్వీకులది ఆస్ట్రేలియా. ఆ దేశం 1960లలోనే తన వన్యప్రాణుల వ్యాపార ఎగుమతిని ఆపేసింది. ఎప్పుడో దొంగచాటుగా వచ్చినవాటి సంతానమే ఇవన్నీ అంటారు. ఆ తప్పును మనం సరిదిద్దలేం. కానీ దీన్ని పెంచుకుంటే ఆస్ట్రేలియాలో కొత్తగా ఎవరూ వల వెయ్యరు. ఎక్కణ్ణించొచ్చిందో తెలియని తాబేలుని కొంటే మాత్రం, రేపు మన సీమలో ఎవడో గోనెసంచి పట్టుకుని బయల్దేరతాడు. తేడా అదేరా అని చెప్పాను.

మీ పిల్లలూ ఇలా అడిగితే, కొనేముందు మూడు ప్రశ్నలు వెయ్యండి. ఎక్కడ పుట్టింది? తల్లిదండ్రుల్ని చూపిస్తారా? కాగితాలున్నాయా? జవాబు తడబడితే వెనక్కి రండి. అది దశాబ్దాలు బతికితే ఎవరు చూస్తారో కూడా ఆలోచించండి. ఇంకో మాట, వీటిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. సాల్మొనెల్లా భయంతోనే 1975 నుంచి అమెరికాలో నాలుగు అంగుళాలకన్నా చిన్న తాబేళ్ళ అమ్మకం నిషిద్ధం.

పుట్టినరోజునాడు మా అమ్మ ఫోన్ చేసి, "తాబేలు కొన్నారా నాన్నా?" అని మనవణ్ణి అడిగింది.

"లేదు నానమ్మా, అది మీ దగ్గరే ఉండాలి. నేనే వచ్చి చూస్తా" అన్నాడు.