చుక్క తర్వాతి మూడక్షరాలు

నర్సీపట్నంలో ఒక డీటీపీ షాపు కొత్త కంప్యూటర్ కొన్నది అనుకుందాం. పాత ఫైళ్ళన్నీ అందులోకి ఎక్కించారు కానీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం ఇంకా వెయ్యలేదు. రోలుగుంట వాళ్ళ పెళ్ళి పత్రిక కోసం ఎవరో ఒక పీఎండీ ఫైలు, అంటే పేజ్‌మేకర్ ఫైలు మీద నొక్కారు. దేనితో తెరవాలని విండోస్ అడిగింది. తొందరలో నోట్‌ప్యాడ్‌ని చూపించి, ‘ఎప్పుడూ దీనితోనే’ అనేశారు. అంతే, ఆ కంప్యూటర్లోని పీఎండీ ఫైళ్ళన్నీ నోట్‌ప్యాడ్ వశమైపోయాయి. ఏది తెరిచినా చెత్త అక్షరాలే. వైరస్ అంటారు ఒకరు, ఫైళ్ళు పోయాయంటారు ఇంకొకరు. సేవ్ నొక్కనంత వరకు వాటిలో ఒక్క బైటూ మారలేదు. మారింది ఒక పట్టికలో ఒక వరుస. ‘ఈ ఫైలు ఏమిటి’, ‘దీన్ని ఎవరు తెరవాలి’ అనేవి రెండు వేరు ప్రశ్నలు. రెంటినీ ఫైలు పేరు చివర, చుక్క తర్వాత వచ్చే ఒకే తోకకు కట్టెయ్యడంలోనే ఈ జబ్బుల మూలం ఉందని నా వాదన.

ఆ తోక మూడక్షరాలే కావడం వెనక ముచ్చటైన లెక్క ఉంది. పీడీపీ-10 అనే పాత కంప్యూటర్ ఒక విడతలో పట్టేది 36 బిట్లు. అక్షరానికి 6 బిట్లు చొప్పున ఫైలు పేరుకు ఆరక్షరాలు సరిపోయాయి. తోకకు అందులో సగం, 18 బిట్లు, అంటే మూడక్షరాలు. గ్యారీ కిల్డాల్ తన సీపీఎం ఆపరేటింగ్ సిస్టమ్‌లో పేరును ఎనిమిదికి పెంచినా తోకను మూడు దగ్గరే ఉంచాడు, డాస్ అదే పట్టుకుంది. చుక్కయితే డిస్కు మీద ఉండేదే కాదు, తెర మీద చూపేటప్పుడు పెట్టేవారు. విండోస్ వచ్చాక ఈ తోక, మొదట చెప్పిన పట్టిక ఉండే రిజిస్ట్రీకి తాళంచెవి అయింది. అక్కడ తోక ఎదురుగా ఒక మారుపేరు. మారుపేరు కింద తెరిచే ఆజ్ఞ. ఆజ్ఞలో ప్రోగ్రాం చిరునామా, చివర శాతం గుర్తు పక్కన 1. ఫైలు పేరు అతుక్కునే చోటు అదే. దాని చుట్టూ కొటేషన్ గుర్తులు లేకపోతే, ‘పెళ్ళి పత్రిక’ అన్న పేరులో ఖాళీ దగ్గర తెగిపోయి ప్రోగ్రాం ‘పెళ్ళి’ అనే ఫైలు కోసం వెతికి, లేదంటుంది! ప్రోగ్రాంను అన్‌ఇన్‌స్టాల్ చెయ్యకుండా ఫోల్డరు చెరిపేస్తే, ఆజ్ఞ ఖాళీ ఇంటికి పంపుతుంది.

మరి పేజ్‌మేకర్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోదా? చాలాసార్లు సరిపోదు. ఇన్‌స్టాలర్ రాసేది రిజిస్ట్రీలో ఈ మారుపేరు దగ్గర. మనం ఎంచుకున్నది అదే రిజిస్ట్రీలో వేరే చోట ఉంటుంది, విండోస్ ముందు దాన్నే చూస్తుంది. ప్రోగ్రాములు చాటుగా ఫైళ్ళను లాక్కోకుండా విండోస్ 8 నుంచి ఆ ఎంపికకు ముద్ర లాంటి అంకె కూడా వేస్తోంది. కాబట్టి కుడి క్లిక్కుతో ‘ఓపెన్ విత్’లోకి వెళ్ళి మన చేత్తోనే మార్చాలి. ఫైలు తోక మార్చితే లాభం లేదు. గుమ్మడికాయకు సొరకాయ అని చీటీ అంటించినట్టే.

తోకను నమ్మడమెందుకు, ఫైలు లోపలికే చూడొచ్చు కదా అనవచ్చు. మంచి ప్రశ్నే. పీడీఎఫ్ ఫైలు శాతం గుర్తుతో, పీడీఎఫ్ అన్న అక్షరాలతో మొదలవుతుంది. జిప్ ఫైలు మొదట్లో పీ, కే అని ఉంటాయి, సృష్టికర్త ఫిల్ కట్జ్ పేరు పొడి అక్షరాలు. యూనిక్స్‌లో ‘ఫైల్’ అనే ఆజ్ఞ ఇలాగే గుర్తుపడుతుంది. అయితే కొత్త వర్డ్ ఫైలూ, ఎక్సెల్ ఫైలూ, ఫోన్లో వేసే ఏపీకే కూడా లోపల జిప్‌లే, అన్నీ పీకే అనే అంటాయి. ఉత్త టెక్స్ట్ ఫైలుకైతే గుర్తే లేదు. పైగా లోపలి అక్షరాలు మొదటి ప్రశ్నకే జవాబిస్తాయి. ఫొటోను చూడాలా, దిద్దాలా అన్నది ఫొటో చెప్పలేదు. 1984 నాటి మెకింటాష్ రెండు ప్రశ్నలనూ వేరుచేసి, ఫైలు రకానికి నాలుగక్షరాలు, సృష్టించిన ప్రోగ్రాంకు నాలుగక్షరాలు పక్కన దాచింది. నాకు ఎంతో ఇష్టమైన ఏర్పాటు. డాస్ ఫ్లాపీకి ఎక్కిస్తే ఆ ఎనిమిదక్షరాలు రాలిపోయేవి, చివరికి ఆపిల్ కూడా తోకల దారికే వచ్చింది.

పెళ్ళి పత్రిక సంగతి ఇంకా తేలలేదు. పీఎండీకి పేజ్‌మేకర్ దొరికింది, అయినా ‘అను’ అనే తెలుగు ఫాంట్లు వెయ్యకపోతే వరుడి పేరు ఇంగ్లిషు అక్షరాల గందరగోళంగానే కనిపిస్తుంది. ఆ ఫైలులో తెలుగు లేదు. ఇంగ్లిషు అక్షరాల అంకెలకు ఫాంటు తెలుగు రూపం తొడిగింది. యూనికోడ్ తెలుగుకు 128 గడులు కేటాయించాక అక్షరానికి సొంత అంకె వచ్చింది. అందుకని ఫాంటు లేని చోట డబ్బాలు కనిపించినా, ‘అ’ మాత్రం ‘అ’గానే లోపల ఉంటుంది.