తప్పు పోగు

సిరిసిల్ల పట్టణము మగ్గములకు ప్రసిద్ధి. 2017వ సంవత్సరమున ఆరంభమైన బతుకమ్మ చీరల పంపిణీకై అచ్చటి మరమగ్గములు చీరలు నేసినవి. అచ్చటి నేతగానికి తెలిసిన సత్యమొకటి కలదు. ఇప్పుడే పడిన పేక పోగు తప్పినచో దానిని వెంటనే తీసివేయవచ్చును. పది పోగులకు వెనుకనున్న తప్పును తీయవలెనన్న, ఆ పదింటిని విప్పి మరల నేయవలసినదే. చీర జనుల చేతికి చేరిన పిమ్మట విప్పుటకు వీలే లేదు.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికిని ఇట్టి చిక్కే కలుగుచుండును. పలువురు కలసి వ్రాయు ప్రోగ్రామునందు ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చిరో భద్రపరచు సాధనములలో ‘గిట్’ మిక్కిలి వాడుకలోనున్నది. ఫిన్లాండులో జన్మించిన లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్సు నిర్మాణము కొరకు దీనిని రచించెను. ఇందు నమోదైన ఒక్కొక్క మార్పును ‘కమిట్’ అనియు, కమిట్లు సాగు వరుసను ‘బ్రాంచి’ అనియు అందురు. ప్రతి కమిట్‌నకును సాధారణముగా 40 అంకెలు, అక్షరములు గల గుర్తు ఉండును. దానిని గణించునపుడు ముందటి కమిట్ గుర్తు కూడ లెక్కకు వచ్చును. కావున నడుమ నొకదానిని తీసివేసినచో తరువాతి వాని గుర్తులన్నియు మారిపోవును.

సిరిసిల్ల విద్యార్థి యొకడు, పొరుగు జిల్లాలోని జగిత్యాల, కోరుట్లలనుండి ఇరువురు కలసి ఒక ప్రోగ్రాము వ్రాయుచున్నారనుకొనుడు. జగిత్యాల విద్యార్థి పొరపాటున అక్కరలేని కమిట్లు చేసెను. అవి యింకను అతని కంప్యూటరులోనే యున్నచో చింత లేదు. చివరివి మాత్రమే తప్పైనచో ‘రీసెట్’ అను ఆజ్ఞతో బ్రాంచిని వెనుకటి మంచి కమిట్‌నకు మరలింపవచ్చును. తప్పు నడుమ నున్నచో ‘రీబేస్’ చేయవలెను. అనగా దానిని విడిచి తరువాతి వానిని మరల నేయుట.

అట్లుగాక, అవి ముగ్గురును పంచుకొను భాండాగారమును చేరి, మిత్రులు వానిపై తమ పని సాగించియున్నచో నేమగును? అతడు చరిత్రను మార్చి బలవంతముగా పంపినచో, మిత్రులు పంపిన కమిట్లు బ్రాంచినుండి జారిపోవచ్చును. కోరుట్ల విద్యార్థి సంగతి తెలియక తన పాత వరుసను కలిపినచో, తీసివేసిన తప్పే తిరిగి వచ్చును. ఇట్టిచోట ‘రివర్ట్’ మేలు. అది తప్పును తుడువక, దానికి విరుద్ధమైన క్రొత్త కమిట్‌ను చేర్చును. తప్పును, దిద్దుబాటును రెండును చరిత్రలో నిలుచును.

పాస్‌వర్డు వంటి రహస్యము పొరపాటున భాండాగారమునకు చేరినచో రివర్ట్ చాలదు. పాత కమిట్‌లో అది కనబడుచునే యుండును. చరిత్రను తుడిచినను ఇతరుల ప్రతులలో మిగిలియుండవచ్చును. మొదట పాస్‌వర్డును మార్చి, పిదప అందరికిని తెలిపి చరిత్రను శుభ్రపరుపవలెను.

తొలగించిన కమిట్ వెంటనే నశింపదు. ‘రిఫ్లాగ్’ అను దినచర్యవంటి పట్టికను చూచి కొంతకాలము వరకు దానిని మరల పొందవచ్చును. కాని నమోదు చేయని పని రీసెట్ వలన పోయినచో ఆ పట్టిక దానిని తిరిగి ఈయజాలదు. కావున ఆజ్ఞ నిచ్చుటకు ముందు ఆలోచింపవలెను.

మగ్గముమీది నేతను విప్పు అధికారము నేతగానిది. పదిమంది ధరించిన బట్టలో తప్పు కనబడినచో, దానిని అందరి యెదుట ఒప్పుకొని దిద్దుటయే ధర్మము.