కదలిక తగ్గిన సభ్యులు గుండె బలం తిరిగి సంపాదించే విధం

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు రిజిస్టర్లు చూడడం మా విధి. అయితే ఆ రిజిస్టర్లు బీరువాలోంచి తీసి మా ముందు పెట్టే మనిషిని కూడా చూడకుండా ఉండలేము గదా. ఇరవై ఏళ్ళ క్రితం పాల క్యాను భుజాన వేసుకొని గెడ్డ దాటి వచ్చిన కుర్రవాడే ఈనాడు కార్యదర్శి. రెండు కట్టల పుస్తకాలు బల్లమీదికి చేర్చేసరికి ఆయాసపడుతున్నాడు. "వయసైపోనాది బాబూ, ఏటి సేస్తాం" అని నవ్వుతాడు. వయసు అడిగితే నలభై తొమ్మిది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో మేము తిరిగే సంఘాలలో ఇటువంటివారు ఏటికేడు ఎక్కువగా కనబడుతున్నారు. కారణం వెతకనక్కర లేదు. పశువులు మేతకు పోవడం తగ్గింది, వాటి వెనుక మనిషి నడవడమూ తగ్గింది. పచ్చిగడ్డి ఇంటి పక్క మడిలోనే పెరుగుతోంది, మిషను ముక్కలు చేస్తోంది. నీళ్ళు మోటారు తోడుతోంది. పాలు కేంద్రానికి మోటారు సైకిలు మీద వస్తున్నాయి. పనులు తేలికైనందుకు ఎవరూ విచారించవలసిన పని లేదు, నడుములు విరిగిన రోజులు మేము చూశాము. కాని ఆ పనులతోపాటు గుండెకు రోజూ అందే మేత కూడా పోయింది. దానికి బదులు మనం ఏమీ ఏర్పాటు చేసుకోలేదు.

"రోజంతా పనే గదా, మళ్ళీ వ్యాయామం ఏమిటి?" అని చాలామంది సభ్యులు అడుగుతారు. పని ఉండడం వేరు, ఊపిరి వేగం పెరిగే శ్రమ ఉండడం వేరు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాత్రి పదింటి దాకా తీరిక లేని మనిషి కూడా మొత్తం మీద అరగంటసేపైనా ఆయాసం వచ్చేటంత కదలకపోవచ్చు. పశువుల శాల పని ఇప్పటికీ చూసుకునే ఆడవారు ఈ విషయంలో మగవారికంటే మెరుగు. కోడలు వచ్చి శాల పని అందుకున్నాక వారు కూడా అరుగు మీద చేరుతున్నారు.

గుండె ఒక కండ. ఊరక కూర్చున్న మనిషిలో అది నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. అంటే మన 40 లీటర్ల క్యాను 8 నిమిషాలలో నిండుతుంది. రోజుకు లెక్క వేస్తే 7,000 లీటర్ల పైమాటే. 2,000 లీటర్ల బల్కు కూలరును మూడుసార్లు నింపి, నాలుగోసారి సగానికి పైగా నింపినంత. గట్టి శ్రమ చేసేటప్పుడు ఇది మూడు నాలుగు రెట్లు పెరగాలి. ఒక లీటరు పాలు తయారు కావడానికి ఆవు పొదుగు గుండా 400 నుంచి 500 లీటర్ల రక్తం ప్రవహించాలని పశువైద్యులు చెప్పడం సభ్యులు వినే ఉంటారు. మనిషి శరీరంలోనూ ఏ అవయవం పని చేయాలన్నా రక్తం అందవలసినదే.

ఏళ్ళ తరబడి కదలిక లేకపోతే గుండె గోడలు బిగుసుకుపోతాయి. ఎండలో పడివున్న పాత సైకిలు ట్యూబును తలచుకోండి. గాలి కొట్టినా మునుపటిలా సాగదు. అలాగే బిగిసిన గుండె రక్తంతో పూర్తిగా నిండదు, నిండనిదానిని తోయలేదు. ఆ లోటు పూడ్చడానికి ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. నిమిషానికి 15 సార్లు ఎక్కువ కొట్టుకుంటే రోజుకు 21,600 సార్లు అదనపు పని అన్నమాట.

కూర్చునే పనికీ గుండె జబ్బుకూ సంబంధం ఉన్నదని మొదట గట్టిగా చూపినవారు లండను నగరంలోని జెర్రీ మోరిస్ అనే వైద్యుడు. 1953లో ఆయన బృందం ప్రచురించిన పరిశీలన ప్రకారం, రెండంతస్తుల బస్సులలో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకంటే కూర్చొని బండి నడిపే డ్రైవర్లలో గుండె జబ్బు ఎక్కువ. ఒకే బస్సు, ఒకే కంపెనీ, అయినా ఇంత తేడా.

అంతకంటే మన సభ్యులకు పనికివచ్చే పరిశోధన అమెరికాలోని డల్లాస్‌లో జరిగింది. 1966లో 20 ఏళ్ళ యువకులను ఐదుగురిని మూడు వారాలు మంచం మీద నుంచి లేవనివ్వలేదు. వారి శ్రమశక్తి ఘోరంగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తరువాత 1996లో, యాభై నిండిన ఆ ఐదుగురినే మళ్ళీ పరీక్షించారు. ముప్పై ఏళ్ళ వయసు చేసిన నష్టంకంటే ఆనాటి మూడు వారాల పడక చేసిన నష్టమే ఎక్కువ అని తేలింది. తరువాత ఆరు నెలలపాటు నడక, పరుగు, సైకిలు నిదానంగా పెంచుతూ చేయించారు. వయసుతో పోయిన శ్రమశక్తి తిరిగి వచ్చింది. బరువు మాత్రం నాలుగైదు కిలోలే తగ్గింది. "నెల రోజులు నడిచాను, పొట్ట తగ్గలేదు" అని మానేసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. పొట్ట కనబడుతుంది, గుండె కనబడదు. మొదట బాగుపడేది కనబడనిదే.

అదే డల్లాస్ నగరంలోని పరిశోధకులు 2018లో మరొక ఫలితం ప్రకటించారు. 45 నుంచి 64 ఏళ్ళ మధ్య వయసుండి, కూర్చునే అలవాటు పడినవారిచేత రెండు సంవత్సరాలు, వారానికి నాలుగైదు రోజులు వ్యాయామం చేయించారు. వారి శ్రమశక్తి 18 శాతం పెరగడమే కాక, గుండె బిగువు సైతం సడలింది. యోగాసనాలు, నిలకడ వ్యాయామాలు వంటివి మాత్రమే చేసిన రెండో జట్టులో గుండెకు ఆ మార్పు రాలేదు. ఆసనాలు చెడ్డవని మా భావం కాదు, అవి నడకకు బదులు కావు. 65 దాటినవారిమీద ఒక సంవత్సరం శిక్షణతో అంతకు ముందు చేసిన ప్రయత్నంలో ఓపిక పెరిగింది గాని గుండె బిగువు పెద్దగా తగ్గలేదు. అందుచేత యాభైలలో ఉన్న సభ్యుడు "రిటైరు అయ్యాక చూద్దాం" అనుకోవడం నష్టం.

ఇక మొదలుపెట్టే పద్ధతి. ఇందులో మన రైతులకు ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. వేసవి అంతా శాలలో నిలబడిన ఎడ్లను ఏరువాకనాడు కట్టి సాయంత్రం దాకా దున్నించే రైతు ఉంటాడా? ఒక పూట కట్టి విప్పుతాడు, మెడ అలవాటు పడ్డాక పొద్దు పెంచుతాడు. ఆ దయ మన దేహంమీద కూడా చూపాలి. ఒక సంఘంలో యాభై దాటిన సభ్యుడొకరు పోలీసు ఎంపికలకు తయారవుతున్న మేనల్లుడితో పందెం వేసి, మొదటిరోజే కొండ మెట్లు పరుగున ఎక్కి, మూడోనాడు ఆసుపత్రిలో చేరారు. ప్రాణం దక్కింది. ఇప్పుడు ఆయన వాకిలి దాటి నడవడానికే భయపడుతున్నారు.

మొదటి రెండు వారాలు ఉదయం 10 నిమిషాలు, సాయంత్రం 10 నిమిషాలు మామూలు నడక చాలు. మూడో వారం నుంచి వారానికి 5 నిమిషాల చొప్పున కలుపుతూ రోజుకు 30, 40 నిమిషాలకు తేవాలి. ఆ తరువాతే వేగం. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం, దానికి ఏ యంత్రమూ అక్కర లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాలు. మూడు నెలలు గడిచాక, డాక్టరు సరేనంటే, వారంలో ఒకరోజు చెరువు గట్టు మీద నాలుగు నిమిషాలు బాగా వేగంగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, ఇలా నాలుగుసార్లు నడవవచ్చు.

రెండు రోజులు కండలకు కూడా పని చెప్పాలి. కుర్చీలోంచి చేతి ఆసరా లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులాన్చి తోయడం, నీళ్ళు పోసిన చిన్న క్యాను ఎత్తి దించడం వంటివి చాలు. కండబలం మన ప్రాంతానికి కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయులుగా ఉండి, తరువాత దేశమంతా పేరు పొందారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సులో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. వ్యాయామం కుర్రవాళ్ళ వ్యవహారమని ఇటువంటివారిని చూసి చప్పట్లు కొట్టి ఊరుకుంటున్నాము.

నలభై దాటినవారు మొదలుపెట్టేముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు, షుగరు చూపించుకోవాలి. లోగడ ఛాతీ నొప్పి వచ్చినవారు, గుండెకు స్టెంటు వేయించుకున్నవారు, షుగరుకు ఇన్సులిను తీసుకునేవారు డాక్టరును అడగనిదే మొదలుపెట్టరాదు. నడిచేటప్పుడు ఛాతీ బిగబట్టినట్లున్నా, నొప్పి ఎడమచేతికో దవడకో పాకినా, చల్లని చెమట పట్టినా అక్కడే ఆగి 108కి ఫోను చేయాలి. ఆడవారిలో, షుగరు ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండవచ్చు. "గ్యాసు" అని సోడా తాగి పడుకోవడం మన పల్లెల్లో చాలా ప్రాణాలు తీస్తున్నది.

ఉద్దానం సభ్యులకు ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో మూత్రపిండాల వ్యాధి ఎంత బాధ పెడుతున్నదో మేము చెప్పనక్కర లేదు. పలాసలో 2023లో దానికోసమే ఆసుపత్రి వెలసింది. కొత్తగా నడక మొదలుపెట్టినవారికి పిక్కలు, కీళ్ళు నొప్పులు పుట్టడం సహజం. దానికి మందుల షాపులో నొప్పి మాత్రలు అడిగి మింగరాదు. అవి మూత్రపిండాలకు చేటు. రెండు రోజులు తగ్గించి నడిస్తే నొప్పే పోతుంది. ఎండ ఎక్కకముందే నడక ముగించాలి, నీళ్ళు తాగి బయలుదేరాలి. ఇప్పటికే మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు నీళ్ళు ఎంత తాగాలో, శ్రమ ఎంత చేయాలో డాక్టరు చెప్పిన ప్రకారం నడుచుకోవాలి.

జాతీయ రహదారి పక్క ఊళ్ళవారు చీకట్లో రోడ్డు మీద నడవవద్దు. కాలువ గట్టో, బడి మైదానమో చూసుకోండి. తప్పనిసరైతే తెల్లచొక్కా వేసుకొని, ఎదురువచ్చే బండ్లు కనబడేటట్లు కుడి అంచున నడవాలి.

తిండి సంగతి ఎక్కువ రాయము. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదంటారు, అంటే చెంచాకు లోపు. ఎండు చేప, ఆవకాయ ఒకే పూట కంచంలో పడితే ఆ లెక్క అక్కడే పూర్తవుతుంది. చోడి అంబలి తిరిగి ఇంట్లోకి రావాలి. "మరి పాలు మానాలా?" అని సభ్యులే మమ్మల్ని అడుగుతారు. మాననక్కర లేదు. గేదె పాలలో వెన్న 6, 7 శాతం ఉంటుందని మన టెస్టరుకే తెలుసు. గుండె జబ్బు ఉన్నవారు మీగడ తీసి తాగితే సరి, మజ్జిగ మరీ మంచిది. చుట్ట మాత్రం పూర్తిగా మానవలసినదే. మన తీరంలో కొందరు ఆడవారు నిప్పు నోట్లో పెట్టుకొని కాల్చే అడ్డచుట్ట అంగిలికి క్యాన్సరు తెస్తుందని శ్రీకాకుళం జిల్లా గ్రామాలలో చేసిన పరిశోధన 1971లోనే తెలిపింది. అది గుండెకు మేలు చేస్తుందా?

పాల పాసు పుస్తకంలో పూటపూటా లీటర్లు, వెన్న శాతం ఎక్కుతున్నట్లే, ఒక చిన్న నోటుబుక్కులో నడిచిన నిమిషాలు, నిద్ర లేవగానే చూసుకున్న నాడి రాసుకోవాలి. మూడు నెలలు పోయాక నాడి సంఖ్య తగ్గుతూ వస్తే గుండె కుదుటపడుతున్నట్లు. కేంద్రంలో ఒక రక్తపోటు యంత్రం ఉంచితే పాలు పోసి వెళ్ళేవారు నెలకొకసారి చూసుకోవచ్చు. కొనదలచిన సంఘాలు పాలకవర్గ తీర్మానం రాసుకొని, బిల్లు, వోచరు జతపరచి, యంత్రాన్ని స్టాకు రిజిస్టరులో చేర్చవలెను. తనిఖీకి వచ్చినప్పుడు మేము మొదట అడిగేది అవే.